మోకాలిచిప్ప సాక్ష్యము

గుర్తుపట్టరాని శవము దొరికినపుడు 'ఎవరు?' అను ప్రశ్నకంటె ముందుగా 'స్త్రీయా, పురుషుడా?' అను ప్రశ్నకు సమాధానము కావలయును. అది సరియైనచో వెదుకవలసినవారి జాబితా సగమునకు తగ్గును. తప్పినచో అసలు మనుష్యుని పేరే జాబితానుండి తొలగిపోవును. మరణము రుజువు కానిచో, మృతుడని చట్టము భావించుటకు సాధారణముగా ఏడేండ్లు గడువవలయును. అంతవరకు భూమి పంపకము, భీమాసొమ్ము, భార్యాబిడ్డల హక్కులు నిలిచిపోవును.

దువ్వాడవంటి చోట ఇది ఊహామాత్రపు చిక్కు కాదు. హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గము ఆ యూరిమీదుగా పోవుచున్నది. ప్రత్యేక ఆర్థిక మండలి అచటనే యున్నది. ఉక్కు కర్మాగారము చెంతనే కలదు. పరరాష్ట్రముల కూలీలు వచ్చుచు పోవుచుందురు. 1997 సెప్టెంబరులో విశాఖ చమురుశుద్ధి కర్మాగారమున జరిగిన అగ్నిప్రమాదమును, 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారమున జరిగిన ప్రేలుడును ఈ ప్రాంతమువారు మఱచియుండరు.

పూర్తి అస్థిపంజరము లభించినచో నిర్ణయము సులభము. కటియెముక ఒక్కటే యున్నను నూటికి 95 పాళ్లు సరిపోవునని అమెరికా శాస్త్రజ్ఞుడు క్రాగ్‌మన్ 1962లో వ్రాసెను. కాని మంటలకు, మృగములకు, కాలమునకు చిక్కిన శరీరమున కటియు కపాలమును తఱచు చెడిపోవును. తొడకండరముల స్నాయువులో ఇమిడియుండు మోకాలిచిప్ప చిన్నదైనను గట్టిది. అది మిగులుట కద్దు. దాని ఎత్తును, వెడల్పును, మందమును కొలిచి గణితసూత్రమున చేర్చి లింగనిర్ణయము చేయుదురు. 1998లో ఇటలీలో 80 చిప్పలపై జరిగిన పరిశోధనలో సుమారు నూటికి 84 సరిపోయినవి.

84 సరిపోయినవనగా 16 తప్పినవన్నమాట. పైగా ఆ సూత్రము ఇటలీవారి యెముకలనుండి పుట్టినది. అరువు తెచ్చిన కొలబద్దతో కొలిచినచో సన్నని యెముకలుగల మన పురుషుడు స్త్రీగా లెక్కకు రావచ్చును. పసిబిడ్డల విషయమున ఈ పద్ధతి పనికేరాదు. పుట్టినప్పుడు చిప్ప మృదులాస్థియే గాని యెముక కాదు.

డి.ఎన్.ఏ. పరీక్ష యుండగా ఈ కొలతలేలయని కొందరందురు. ఆ పరీక్ష వలన ఫలానావాడని తేల్చుటకు పోల్చదగిన బంధువు కావలయును. ఏ బంధువును పిలువవలెనో తెలియుటకే ఈ తొలి విచారణ. మిక్కిలి కాలిన యెముక డి.ఎన్.ఏ. నీయకపోవచ్చును గూడ.

కావున మేము కోరునది స్వల్పము. 1923లో స్థాపితమైన ఆంధ్ర వైద్యకళాశాల విశాఖలోనే యున్నది. అచటి శరీరశాస్త్ర, న్యాయవైద్య శాఖలు స్త్రీపురుష భేదము తెలిసిన దేహముల చిప్పలను కొలువవలయును. ఆసుపత్రులలో జీవించియున్నవారి మోకాళ్లకు తీసిన సీ.టీ. చిత్రములును పేరు లేకుండ ఇందుకు ఉపకరించును. తెలుగువారికి వేఱుగను, వలసకూలీల ప్రాంతములవారికి వేఱుగను పట్టికలు సిద్ధము కావలయును. వైద్యులు న్యాయస్థానమునకు నిర్ణయముతోబాటు అది తప్పగల పాలును తెలుపవలయును. ఈ యొక్క యెముకనే ఆధారముగా గొని యే తీర్పును ఈయరాదు.

దేహదానము చేయువారి సంఖ్య పెరిగిననే ఈ పని సాగును. అట్టి దానము విద్యార్థులకే గాక, తనవారి జాడకై యెదురుచూచు కుటుంబములకును ఉపకారమని మా పాఠకులు గ్రహింతురుగాక!