కొండకల్‌లో అంతర్జాతీయ కళాశాల: మదనపల్లె వైపు ఒక చూపు

శంకరపల్లి మండలంలోని కొండకల్‌లో ఇప్పుడు ఇండస్ అంతర్జాతీయ పాఠశాల ఉంది, 2023లో ప్రారంభమైన మేధా వారి రైలుపెట్టెల కర్మాగారం ఉంది. మొకిలా నుండి శంకరపల్లి వెళ్ళే దారిలో విల్లాల ప్రకటనలకు లోటు లేదు. ఇటువంటి చోట అంతర్జాతీయ విద్యకే అంకితమైన చిన్న ప్రైవేటు కళాశాల పెట్టాలన్న తలంపు ఎవరికైనా కలగడం సహజం. కలగాలనే నా కోరిక కూడాను. ఐతే ఆ పేరులోని మొదటి మాట మీదనే నాకొక పేచీ ఉన్నది.

'అంతర్' అన్న అవ్యయానికి లోపల అనీ, నడుమ అనీ అర్థాలు. (పండితుడి చాదస్తమని నవ్వుకోకండి.) జాతుల నడుమ నెలకొన్నది అంతర్జాతీయం. నడుమ అనాలంటే రెండు ఒడ్లుండాలి కదా! ఒక ఒడ్డు జెనీవాలోనో కేంబ్రిడ్జిలోనో ఉన్నప్పుడు రెండవది కొండకల్‌లోనే ఉండాలి. మనం కడుతున్న వంతెనలకు ఆవలి ఒడ్డే తప్ప ఈవలి ఒడ్డు కనబడదు.

ఇటువంటి ప్రయత్నం తెలుగునేలకు కొత్త కాదు. 1915లో అనీబిసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పారు. దానికి ప్రిన్సిపాలుగా ఉన్న జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అక్కడికి విచ్చేశారు. అప్పటికి రెండు నెలల క్రితమే, 1918 డిసెంబరులో, విశ్వభారతికి పునాదిరాయి వేసి ఉన్నారు. 1911 నాటి తమ 'జనగణమన'ను మదనపల్లెలో విద్యార్థులకు పాడి వినిపించారు. ఇంగ్లీషులోకి తామే అనువదించారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఆ పాట బాణీకి ఆమె స్వరలిపి కూర్చారు. వంగకవి, ఐరిష్ సంగీతజ్ఞురాలు, సీమ పిల్లలు ఒక్కచోట కూడితే జరిగిన పని అది. అదే ఏడు కజిన్స్ జపానులోని కెయో విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. దీనికి మించిన అంతర్జాతీయత ఏముంది? ఏ విదేశీ పట్టా ముద్రా దానికి అవసరం కాలేదు.

మరి మన కళాశాల మాట? తెలంగాణలో 2018 నాటి చట్టం పదవ తరగతి వరకు అన్ని బోర్డుల బడులలోనూ తెలుగును తప్పనిసరి చేసింది. ఆపైన గేటు తెరుచుకుంటుంది, తెలుగు బయటికి పోతుంది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకునే పిల్లలను నా ఉద్యోగకాలమంతా చూశాను. సంస్కృతం మీద నాకు ద్వేషమెందుకుంటుంది, అది నాకు అన్నం పెట్టిన భాష! కానీ శబ్దమంజరి నాలుగు పుటలు వల్లించి తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకోవడం ఏ భాషకూ గౌరవం కాదు.

"తల్లిదండ్రులు లక్షలు పోసేది వీసా కోసమండీ, తెలుగు కోసం కాదు" అంటారు కొందరు. నిజమే, కాదనను. ఐతే అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. అక్కడి వారికి పనికివచ్చిన విద్య శంకరపల్లి దారిలో పనికిరాకుండా పోతుందా? కడపలో బ్రౌను దొర తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. జనం దాన్ని బ్రౌను కాలేజీ అన్నారు. అంతకంటె చిన్న కళాశాల ఇంకేముంటుంది?

కనుక పెట్టదలచినవారికి నా విన్నపం ఇది. తెలుగుకు గంటల లెక్కన వచ్చిపోయే అయ్యవారిని కాక, పూర్తికాలపు ఆచార్యుణ్ణి వేయండి. బయటి దేశాల నుండి వచ్చే విద్యార్థికి మొదటి ఏడే తెలుగు నేర్పండి. ఊళ్ళోకి పంపి మాట్లాడించండి. కొండకల్, మొకిలా ప్రభుత్వ బడుల పిల్లలకు ఏటా కొన్ని సీట్లు ఫీజు లేకుండా కేటాయించండి, అదీ నోటిమాటగా కాదు, ట్రస్టు దస్తావేజులోనే రాసి. ఎన్ని సీట్లంటారా? వందకు పది అని నా లెక్క. ఎక్కువంటారో, తక్కువంటారో మిత్రులు చెప్పాలి.