రేసు మన దాకా వచ్చింది... ఉద్యోగం ఎక్కడుంది?

2022 నవంబరు. అప్పటికి మీలో చాలామంది ఇంటర్‌లో ఉండి ఉంటారు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, అప్పటికింకా కడుతున్న కొత్త సచివాలయం పక్క నుంచి, ఎన్టీఆర్ మార్గ్ మీద రేసు కార్లు దూసుకుపోతున్న వీడియోలు ఫోన్లలో తెగ తిరిగాయి. ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి సీజన్ అది. చింతలపూడి నుంచి సత్తుపల్లి, ఖమ్మం మీదుగా బస్సెక్కితే తెల్లారేసరికి చేరిపోయే ఊళ్లోకి రేసు వచ్చేసింది. మెకానికల్ చదవాలనుకునే కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ కుర్రాడు ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాడు. చేతిలో రెజ్యూమె ఉంది, ఎదురుగా ప్లేస్‌మెంట్ సీజన్ ఉంది. మోటార్‌స్పోర్ట్‌లో కెరీర్ ఉంటుందా సార్ అని అడుగుతున్నాడు. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ముందు ఆ తొలి సీజన్‌లో ఏం జరిగిందో ఒకసారి చూడాలి.

ఆరు జట్లు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్, గోవా ఏసెస్, చెన్నై టర్బో రైడర్స్, బెంగళూరు స్పీడ్‌స్టర్స్, స్పీడ్ డెమన్స్ ఢిల్లీ, గాడ్‌స్పీడ్ కొచ్చి. జట్టుకు నలుగురు డ్రైవర్లు, అందులో ఒక మహిళ ఉండాల్సిందే. అందరికీ ఒకే కారు: ఇటలీలో తయారైన వుల్ఫ్ జీబీ08 థండర్. మనం రోడ్డు మీద చూసే కారును రేసు కోసం మార్చింది కాదిది, రేసు కోసమే పుట్టిన బండి. ఇలాంటి వాటినే ప్రోటోటైప్ అంటారు. కార్బన్ ఫైబర్ ఒళ్లు, మోటార్‌సైకిళ్లు తయారుచేసే అప్రీలియా వాళ్ల ఇంజిన్, సుమారు 220 హార్స్‌పవర్. బరువు మాత్రం మన వీధిలో తిరిగే చిన్న ఆల్టోలో దాదాపు సగం.

తొలి రౌండే హైదరాబాద్‌లో పెట్టారు. ఆలస్యాలు, ప్రమాదాలు, వెలుతురు తగ్గిపోవడం... చివరికి లీగ్ రేసులు జరగకుండానే జనం ఇంటికెళ్లారు. తర్వాతి రెండు రౌండ్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడిచాయి. డిసెంబరు 10, 11 తేదీల్లో మళ్లీ హైదరాబాద్ వచ్చి సీజన్ ముగించారు. కొచ్చి జట్టు విజేత, మన బ్లాక్‌బర్డ్స్ రెండో స్థానం. సరిగ్గా రెండు నెలలకే, 2023 ఫిబ్రవరి 11న, అదే సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కూడా జరిగింది. 2013లో నోయిడాలో ఫార్ములా వన్ ఆగిపోయాక మన దేశంలో జరిగిన తొలి ప్రపంచ స్థాయి కార్ల పందెం అదే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఉంటుందన్నారు, జనవరిలో రద్దయింది. లీగ్ కూడా మిగతా ఊళ్లకు వెళ్లిపోయింది. 2024 ఆగస్టు చివర్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట దీపాల వెలుగులో పరిగెత్తింది.

అంటే మన దగ్గరికి వచ్చినంత వేగంగానూ పోయింది. రేసు ఊళ్లోకి వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు వెంట రావు. కారు ఇటలీది, ఇంజిన్ ఇటలీది. మనకు దక్కింది ఎక్కువగా చూసే అవకాశమే. ఆ సంగతి ముందే తెలిసుంటే, లక్షల ఫీజుతో ‘మోటార్‌స్పోర్ట్ సర్టిఫికెట్’ అనే ప్రకటనలు చూసి అడుగేసే ముందు కాస్త ఆలోచిస్తారు. మామిడి కాపు గుత్తకిచ్చి నాన్న తెచ్చిన డబ్బు అది. కోర్సు పూర్తిచేసిన వాళ్లు ఏ జట్టులో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో అడగండి. ఇద్దరి పేర్లు చెప్పి ఫోన్లో మాట్లాడించలేని సంస్థకు రూపాయి కూడా కట్టొద్దు.

మరి ఈ రంగంలో నేర్చుకోదగ్గదేమీ లేదా అంటే, ఉంది. బోలెడంత ఉంది.

బ్లాక్‌బర్డ్స్ జట్టులో ఆ సీజన్ నలుగురిలో ఒకరు హైదరాబాద్‌కే చెందిన అనిందిత్ రెడ్డి. ఇంకొకరు నీల్ జానీ. తండ్రి భారతీయుడు, పుట్టి పెరిగింది స్విట్జర్లాండ్. ఈయన గురించి తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. ఫ్రాన్స్‌లో లె మాన్ అనే ఊళ్లో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతూ పగలూ రాత్రీ ఆగకుండా పరిగెత్తించాలి. నున్న మార్కెట్ నుంచి ఢిల్లీ వెళ్లే మామిడి లారీలో ఇద్దరు డ్రైవర్లు వంతులేసుకోరూ, అలాగన్నమాట. కాకపోతే వీళ్ల వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. 2016లో టయోటా కారు మొదటి స్థానంలో ఉంది. ఇంకా మూడు నిమిషాలే మిగిలాయి. ఉన్నట్టుండి కారు బలం కోల్పోయి స్టార్టింగ్ లైన్ దగ్గర ఆగిపోయింది. వెనకాల వస్తున్న పోర్షే దాన్ని దాటేసి గెలిచింది. ఆ పోర్షే స్టీరింగ్ పట్టుకున్నది నీల్ జానీ.

టయోటా ఓడిందెందుకు? టర్బోచార్జర్ నుంచి ఇంటర్‌కూలర్‌కు గాలి తీసుకెళ్లే గొట్టం దగ్గర ఒక కనెక్షన్ దెబ్బతింది. అంతే. కోట్లు పోసి కట్టిన హైబ్రిడ్ ఇంజిన్, వందలమంది ఇంజినీర్లు, 23 గంటల 57 నిమిషాల శ్రమ... ఒక్క జాయింటు దగ్గర పోయింది. మన ఊళ్లో ట్రాక్టర్ షెడ్డు నడిపే మేస్త్రీకి ఈ మాట చెబితే ఆశ్చర్యపోడు. దమ్ము చేసే సీజన్లో బండి ఆగేది పెద్ద లోపాల వల్ల కాదని, పైపు క్లిప్పు వదులైందనో, ఫిల్టరు మూసుకుపోయిందనో ఆయనకు రోజూ అనుభవమే. వేసవి సెలవుల్లో నెలరోజులు ఆయన దగ్గర నిలబడినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడు సంగతులుంటాయి. నేను సరదాకి అనడం లేదు.

ఎండ్యూరెన్స్ రేసింగ్‌లో తొలి సీజన్ కష్టాలు మనవాళ్లకే ప్రత్యేకం కాదు. 2012లో ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ మొదలైనప్పుడు, సీజన్‌కు రెండు నెలల ముందు, జనవరిలో ప్యూజో కంపెనీ తప్పుకుంది. ఆడికి గట్టి పోటీ ఇవ్వాల్సిన జట్టు అది. టయోటా హడావుడిగా రంగంలోకి దిగి, తన మూడో రేసులోనే, బ్రెజిల్‌లో, గెలిచింది. ఎనిమిది రేసుల ఆ సీజన్‌లో చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ కూడా ఉన్నాడు. లె మాన్‌లో పరిగెత్తిన తొలి భారతీయుడిగా ఆరో స్థానంలో నిలిచాడు. కొత్తగా మొదలైన చోట నియమాలు గట్టిపడవు, మనుషులు తక్కువ, ఒక్కొక్కరు మూడు పనులు చేయాలి. ఫ్రెషర్‌కు అక్కడ దొరికే అనుభవం స్థిరపడ్డ చోట దొరకదు. మొదటి రౌండు రద్దయిన సీజన్‌లో పనిచేసినవాళ్లే ఎక్కువ నేర్చుకుని ఉంటారని నా నమ్మకం.

ఇక అసలు విషయానికి వద్దాం. అందరికీ ఒకే కారు ఇచ్చాక ఒకడు ముందు, ఒకడు వెనక ఎందుకవుతాడు? డ్రైవర్ నైపుణ్యం కొంత. మిగిలింది టైర్లలో గాలి, సస్పెన్షన్ సర్దుబాటు, రెక్క కోణం. కారులోని సెన్సర్లు బ్రేకు ఎప్పుడు పడిందో, యాక్సిలరేటర్ ఎంత నొక్కారో, స్టీరింగ్ ఎంత తిప్పారో అన్నీ రాసిపెడతాయి. డేటా ఇంజినీరు ఇద్దరు డ్రైవర్ల ల్యాప్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, ఆరో మలుపు దగ్గర నువ్వు పది మీటర్ల ముందే బ్రేకేస్తున్నావు అని చెబుతాడు. సీఎస్ఈ వాళ్లు ఇది మెకానికల్ వాళ్ల పని అని పక్కకు తప్పుకోవాల్సిన పన్లేదు. మీరు నేర్చుకున్న పైథాన్‌కు ఇంతకన్నా మంచి కసరత్తు ఏముంది?

ఈ పని చేయడానికి ఇటలీ వెళ్లనక్కర్లేదు. కాలేజీ విద్యార్థుల కోసమే మన దేశంలో రెండు పెద్ద పోటీలున్నాయి. ఒకటి బాహా ఎస్ఏఈ ఇండియా. 2007 నుంచి జరుగుతోంది. విద్యార్థులే గుట్టలూ గోతులూ ఎక్కే ఒంటి సీటు బండిని కట్టుకుని తీసుకెళ్తారు. చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు. రెండోది ఫార్ములా భారత్, కోయంబత్తూరు కారీ ట్రాక్ మీద. అందులో ఎండ్యూరెన్స్ సుమారు 22 కిలోమీటర్లు. వెయ్యి మార్కుల్లో ఒక్క విభాగానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే.

22 కిలోమీటర్లేనా అనుకోకండి. సగంలో కారు ఆపి డ్రైవర్ మారాలి. ఆ కొద్ది నిమిషాల్లో వేడెక్కిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కావాలి. ఏడాదంతా రాత్రుళ్లు మేలుకుని కట్టిన కార్లు చాలా అక్కడే చచ్చిపోతాయి. అక్కడ చచ్చిపోయిన కారు జట్టులోని విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి విషయం ఉంటుంది. ఎందుకు ఆగింది, ముందే ఎందుకు పట్టుకోలేకపోయాం, తర్వాత ఏం మార్చాం... ఈ మూడూ చెప్పగలిగితే చాలు.

దీనికి పూర్తి వ్యతిరేకం మన కాలేజీల్లో పెరిగిపోయిన ‘రెడీమేడ్ ప్రాజెక్టు’ అలవాటు. నలుగురూ తలా కొంత వేసుకుని కిట్టు కొనేస్తారు, రిపోర్టు కూడా ప్రింటై బైండింగ్‌తో వస్తుంది. వైవాలో ఎలాగోలా గట్టెక్కుతారు. నేను కూడా ఒకప్పుడు అలాంటి రిపోర్టు మీద నా పేరు రాసుకున్నవాణ్నే. ఆ తర్వాత నా తొలి ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన, ఇందులో గేర్ నిష్పత్తి ఇదే ఎందుకు తీసుకున్నావు బాబూ అని నెమ్మదిగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన తిట్టలేదు, రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నిజంగా ఉద్యోగాలెక్కడున్నాయో చూడండి. రేసు జట్లలో చాలా తక్కువ, అవీ ఎక్కువగా చెన్నై, కోయంబత్తూరు చుట్టూ. కానీ అదే నైపుణ్యం అడిగే చోట్లు మన గుమ్మం ముందే ఉన్నాయి. నూజివీడుకు దగ్గర్లోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు ఉన్నాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జడ్‌ఎఫ్ లాంటి కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాల్లో బండి డిజైను, సాఫ్ట్‌వేరు, టెస్టింగ్ పనులు జరుగుతున్నాయి. ఏ బండి అయినా అమ్మకానికి రాకముందు నెలల తరబడి అలుపులేకుండా పరిగెత్తించి, ఎక్కడ విరుగుతుందో చూస్తారు. డ్యూరబిలిటీ టెస్టింగ్ అంటారు. ఎండ్యూరెన్స్ రేసుకు అది స్వంత అన్నదమ్ముడే. జేడీల్లో ఆ మాట కనబడితే వదలకండి.

రేసు మీద ఇష్టం చంపుకోలేమంటారా? చంపుకోవద్దు. మార్షల్‌గా వెళ్లండి. జెండాలూపేది, ఆగిన కారును పక్కకు తీసేది, మంటలొస్తే ముందు పరిగెత్తేది వీళ్లే. ఎక్కువగా స్వచ్ఛంద సేవ, జీతం ఉండదు. కానీ టికెట్ కొన్నవాళ్లకు దొరకని దగ్గరితనం దొరుకుతుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ లాంటి క్లబ్బులు శిక్షణ ఇస్తాయి. ఇంట్లో మాత్రం ముందే చెప్పి వెళ్లండి, ట్రాక్ పక్కన నిలబడ్డ ఫొటో స్టేటస్‌లో చూసి అమ్మ కంగారుపడకుండా.

ఒక మాట కాలేజీ యాజమాన్యాలకు కూడా. ఫ్లెక్సీలకూ, ఫ్రెషర్స్ డే సౌండ్ సిస్టమ్‌కూ పెట్టే ఖర్చులో కొంత పక్కన పెడితే ఒక జట్టు ఎంట్రీ ఫీజుకు దారి దొరుకుతుంది. వర్క్‌షాప్ తాళం సాయంత్రం 5 గంటలకే వేసేస్తే పిల్లలు వెల్డింగ్ ఎప్పుడు నేర్చుకోవాలి? ఏలూరు, నూజివీడు చుట్టుపక్కల కాలేజీల్లో చదివే మీరే ఈ సంగతి అడగాలి. పదిమంది కలిసి, మెకానికల్, ఎలక్ట్రికల్, సీఎస్ఈ, లెక్కలు చూడటానికి ఒక బీకాం స్నేహితుడు సహా, ఒక కాగితం రాయండి. ఏ పోటీ, ఎంత ఖర్చు, ఎవరు ఏం చేస్తారు, వర్క్‌షాప్ ఎన్ని గంటల దాకా కావాలి అన్నది ఒక్క పేజీలో. స్పాన్సర్ల కోసం విజయవాడ ఆటోనగర్ షాపుల వాళ్లను కూడా అడగొచ్చు, పైపులూ బేరింగులూ ఇచ్చినా చాలు. మామిడి కోతలు మొదలైతే ఇళ్లల్లో పని పడుతుంది కాబట్టి, పూత మీద ఉన్నప్పుడే ఆ కాగితం ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి చేరేలా చూడండి.