బీడు గడ్డి కోతకు ఓ పద్ధతి ఉండాలి

వానలు వెనకబట్టగానే నంద్యాల జిల్లా పల్లెల్లో బీళ్ల మీద, చెరువు గట్ల మీద గడ్డి కోతలు మొదలవుతాయి. వేసవి గడవాలంటే పశువులున్న ఇంటికి గడ్డివామి ఉండి తీరాలి. కనుక కోయవద్దని ఎవరూ అనరాదు. అసలు కోయకుండా వదిలితే బీడు బాగుపడుతుందనుకోవడమూ పొరపాటే. ఎత్తుగా పెరిగిన గడ్డి తుమ్మి వంటి చిన్న పూల మొక్కలకు ఎండ తగలనివ్వదు. ఏళ్ల తరబడి అలా వదిలిన చోట సర్కారు తుమ్మ చొరబడుతుంది.

చిక్కంతా ఎప్పుడు, ఎలా కోస్తారన్న దాంట్లోనే ఉంది. ఏటా గింజ పట్టకముందే బీడంతా కోస్తే, గింజతోనే మొలవవలసిన గడ్డి జాతులు క్రమంగా తగ్గిపోతాయి. దుబ్బుతో, వేరుతో బతికే గరిక వంటివే మిగులుతాయి. ఖాళీ పడిన నేలను వయ్యారిభామ ఆక్రమిస్తుంది. అది పశువుల మేతకు పనికిరాదు.

పురుగుల సంగతీ ఇంతే. కొడవలితో కొంత కొంత కోసేటప్పుడు మిడతలు, సాలీళ్లు పక్కకు తప్పుకుంటాయి. మిషనుతో ఒక్కరోజులో నున్నగా గొరిగితే వాటికి నీడ ఉండదు. గుడ్లు, గొంగళ్లు ఎక్కడికీ పోలేవు. పురుగులు పోతే మంచిదే కదా అని కొందరంటారు. పైరు పురుగులు గట్ల గడ్డిలో దాగడం కద్దు. అందుకే వరి గట్టును శుభ్రం చేయడంలో తప్పులేదు. కాని పైరు పురుగులను తినే సాలీడు, అక్షింతల పురుగు, పొద్దుతిరుగుడు పూలకు పుప్పొడి మోసే తేనెటీగ కూడా బీళ్లను ఆశ్రయించి బతుకుతాయి.

మిడుతూరు మండలం రోళ్లపాడు గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ పేరుపడిన బట్టమేక పక్షికి మిడతలు, పురుగులే ముఖ్యాహారం. ఇప్పుడు ఆ పక్షి కనిపించడమే గగనమైంది. కారణాలు అనేకం. అయితే గడ్డి, మిడత లేని చోట అది నిలవదన్నది మాత్రం నిజం.

గింజ ముదిరేదాకా ఆగితే గడ్డిలో పుష్టి తగ్గుతుందన్న రైతుల అభ్యంతరం న్యాయమైనదే. దీనికి మార్గం లేకపోలేదు. స్విట్జర్లాండులో శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, పదో వంతు గడ్డి కోయకుండా వదిలిన మైదానాల్లో మిడతలు, అడవి తేనెటీగలు ఎక్కువగా కనిపించాయి. అక్కడి నేల, వాన వేరైనా ఈ సూత్రం ఇక్కడికీ పనికివస్తుంది. తొమ్మిది వంతులు పూత దశలో కోసుకుని, ఒక వంతు గింజ రాలేదాకా ఉంచాలి. ఆ చోటు ఏటా మార్చాలి.

చెరువు గట్ల గడ్డిని వేలం వేసే పంచాయతీలు ఈ షరతును వేలం కాగితంలోనే రాయించడం మంచిది. పాటదారుకు పోయేది పదో వంతు గడ్డి. ఊరికి దక్కేది వచ్చే ఏటి విత్తనం.