సీటు వచ్చింది, చేరలేదు

ఇంటర్ ఫలితాలు వెలువడిన నాడు హుస్సేనీ ఆలం గల్లీలలో మిఠాయిలు పంచుకుంటారు. కళాశాలలు తెరిచే నాటికి ఆ పిల్లలలో కొందరు ఏ తరగతిలోనూ ఉండరు. వీరు పరీక్ష తప్పినవారు కారు, చదువు వద్దనుకున్నవారూ కారు. దరఖాస్తు చేశారు, సీటు కూడా పొందారు. అయినా గడప దాటలేకపోయారు. తప్పినవారి జాబితాలో లేరు గనుక వీరిని గురించి అడిగే నాథుడు లేడు.

2016 నుండి మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ప్రధానంగా ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. పేరుకు స్నేహితుడే. కానీ ఈ స్నేహితుని కలవాలంటే ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు ఉండాలి, లేదా వేలిముద్రకై మీసేవ కేంద్రానికి పోవాలి. రుసుము కట్టి, కళాశాలలను ఎంచుకొని, సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. పిమ్మట పత్రాలతో కళాశాలకు స్వయంగా వెళ్లాలి. సెల్ఫ్ రిపోర్టింగ్ మరచితే సీటు పోయినట్లే.

ఆధార్‌కు ముడిపడిన నంబరు తండ్రిది, తండ్రి ఉండేది జిద్దాలో. ఓటీపీ అక్కడ మోగుతుంది, అమ్మాయి ఇక్కడ ఎదురుచూస్తుంది. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు, ఇంగ్లీషులో మెమోపై ఒక విధంగా, ఆధార్‌పై మరొక విధంగా ఉంటుంది. ‘మొహమ్మద్’ ఒకచోట పూర్తిగా, ఇంకొకచోట రెండక్షరాలుగా! పట్టణాలలో 2 లక్షల లోపు ఆదాయం గల మైనారిటీ కుటుంబాలకు బోధన రుసుము తిరిగి చెల్లించే పథకం ఉంది. ఆదాయ పత్రం, బీసీ-ఈ పత్రం సకాలంలో చేతికి రాకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఇంతలో వేసవి సంబంధాలు వస్తాయి, ‘దూరం పంపలేం’ అన్న మాట వస్తుంది. దూరమెక్కడ? ఖుర్షీద్ జా దేవిడీ ప్రాంగణంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల మన మహల్లాలోనే ఉన్నది. 2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సూ ఉచితమే.

2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ముస్లింల వాటా 4.6 శాతమే, జనాభాలో 14 శాతం. ముందటి ఏడాది కంటే ముస్లిం విద్యార్థులు సుమారు 1.79 లక్షల మంది తగ్గారు. ఉన్న పిల్లలను కూడా గడప దగ్గర జారవిడిచే స్తోమత మనకు లేదు.

అమెరికాలో కాసిల్‌మన్, పేజ్ అను ఇద్దరు పరిశోధకులు ఇదే సమస్యను ‘వేసవి కరుగుదల’ అన్నారు. 2012 వేసవిలో విద్యార్థుల ఫోన్లకు గడువులను గుర్తుచేసే సందేశాలు పంపగా, సలహా అందని చోట్ల చేరికలు పెరిగాయి. ఒక్కొక్కరికి అయిన ఖర్చు దాదాపు ఏడు డాలర్లు.

ప్రభుత్వాన్ని మేము కోరేది రెండు. సీటు పొందినవారెందరు, చేరినవారెందరు అన్న లెక్కను కళాశాలల వారీగా, మతాల వారీగా ప్రకటించాలి. ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష గనుక దోస్త్ సందేశాలు ఉర్దూలోనూ పంపాలి.

మస్జిద్ కమిటీలను కోరేది ఇంకా సులువు. ఫలితాలు వచ్చిన మొదటి జుమా నాడే గడువులను ప్రకటించండి. అస్ర్ తర్వాత ఒక గదిని, ఒక కంప్యూటరును, డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలను అందుబాటులో ఉంచండి, వారిలో ఒకరు అమ్మాయి కావాలి. సీటు వచ్చినవారి పేర్లు రాసుకొని, కళాశాలకు వెళ్లి వచ్చేవరకు ప్రతి ఇంటి తలుపు తట్టండి. రుసుము కట్టలేని ఇంటికి ఆ 200 రూపాయలు ఎవరిచ్చారో చెప్పనక్కరలేదు.