మీ ఇంటి పేజీ మీరే చదవండి

టెక్సాస్‌లో ఏప్రిల్ వస్తే అప్రైజల్ నోటీసులు మొదలవుతాయి. జనవరి 1 నాటికి మీ ఇంటి విలువ ఇంత అని కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ తేల్చిన అంకె అందులో ఉంటుంది. ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్లు చాలామంది అది చూసి నిట్టూర్చి, దాని మీద పన్ను ఎస్క్రోలోంచి బ్యాంకే కడుతుందిలే అని కాగితం పక్కన పెట్టేస్తారు. నాకు బాధగా ఉండేది అక్కడే. ఆ అంకెను నిలదీయడానికి కావలసిందంతా అప్పటికే అందరికీ తెరిచి ఉంది.

కాలిన్ కౌంటీ అప్రైజల్ వెబ్‌సైట్‌లో చిరునామాతోనో యజమాని పేరుతోనో వెతికితే ఇంటి పేజీ వస్తుంది. రుసుము లేదు. స్థలం విలువ, కట్టడం విలువ, విస్తీర్ణం, కట్టిన ఏడాది, మినహాయింపులు, పాత ఏళ్ల విలువలు అన్నీ ఉంటాయి. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఇల్లు ఎంతదో ఇక్కడే చూస్తారు. దాన్నిబట్టి మనిషి స్థితి అంచనా వేయడం పొరపాటు. ఇంటి మీదున్న అప్పు ఈ పేజీలో కనబడదు, ఆ దస్తావేజు కౌంటీ క్లర్కు రికార్డుల్లో ఉంటుంది.

పొరుగింటి పేజీ తెరవడానికి న్యాయమైన కారణం వేరే ఉంది. మార్కెట్ ధర కంటే ఎక్కువ విలువ కట్టారనే కాదు, సాటి ఇళ్లతో పోలిస్తే ఎక్కువ విలువ కట్టారని కూడా చట్టప్రకారం ప్రొటెస్ట్ చేయొచ్చు. టెక్సాస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న నియమం లేదు కనుక మొదటి వాదనకు ఆధారాలు దొరకడం కష్టం. రెండోదానికి ఆ ఇబ్బంది లేదు. మీ వీధిలో అదే బిల్డరు, దాదాపు అదే ఏడాది కట్టిన ఇళ్లు ఐదారు తీయండి. విస్తీర్ణం, స్థలం, స్విమ్మింగ్ పూల్ లాంటి తేడాలు సర్దాక వాటి మధ్యస్థ విలువ కంటే మీది పైన ఉంటే వాదనకు బలం ఉన్నట్టే. ప్రొటెస్ట్‌కు గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది.

కొత్త ఇల్లు కొన్నవాళ్లు స్థలం, కట్టడం అనే రెండు గడులూ తప్పక చూడాలి. జనవరి 1కి పునాది కూడా పడకపోతే ఆ ఏడు పన్ను స్థలం మీదే. మరుసటి ఏడు కట్టడం విలువ చేరి, ఎస్క్రో చాలక, నెల కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. ముందే చూసుకుంటే డబ్బు దాచుకోవచ్చు.

ఇక మినహాయింపుల గడి. అక్కడ హోమ్‌స్టెడ్, అంటే సొంత కాపురం ఉండే ఇంటికిచ్చే మినహాయింపు, ఉంటే బడి పన్ను లెక్కలో 1,40,000 డాలర్ల విలువ తగ్గుతుంది. తర్వాతి ఏళ్లలో, కొత్తగా ఏమీ కట్టకపోతే, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. హోమ్‌స్టెడ్ లేకపోతే వెంటనే దరఖాస్తు పెట్టండి. అది ఉచితం. వీసా మీద ఉన్నాం, మనకు రాదేమో అని ఆగకండి. చట్టం పౌరసత్వం అడగదు. ఇల్లు మీ పేరున ఉండి, అందులో మీరే కాపురముంటూ, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే చిరునామా ఉంటే చాలు.