టీవీ కొనే ముందర లోపలి దీపం సంగతి తెలుసుకోండి

ఆయుధ పూజ బోనసు చేతికొచ్చే కాలం కదా, ఈ నెల మాట టీవీ గురించే.

మొన్న మా వఠారంలో చివరింటి అక్క దిగులుగా వచ్చింది. "చెల్లీ, టీవీలో మాటలొస్తా ఉండాయి, బొమ్మ లేదు. చూడను వచ్చిన పిల్లోడు ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కంతుల్లో తీసుకుందామా?" అని అడిగింది. కూతురి పీయూసీ ఫీజుకు దాచిన డబ్బులోంచి మొదటి కంతు కట్టాలని ఆమె లెక్క.

ఆ రాత్రి దీపాలార్పి, టీవీ వేసి, ఫోను టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టినాను. మసకమసకగా వార్తలు చదివే అమ్మాయి కదలతా కనిపించింది. అంటే ప్యానెల్ బతికే ఉంది, ఆరిపోయింది వెనక దీపం. రిపేరు అంగడిలో లోపలి ఎల్.ఇ.డి. పట్టీలు మార్చినారు. కొత్త సెట్టు ధరలో పదో వంతు కూడా కాలేదు. ఫీజు డబ్బు ఫీజుకే మిగిలింది. మీరూ టార్చి వేసి చూడండి గానీ, టీవీ వెనక మూత మాత్రం విప్పొద్దు. లోపల కరెంటు కొడుతుంది.

ఈ దీపం సంగతి తెలిస్తే అంగట్లో మనల్ని మోసం చేయడం కష్టం. మన పెద్దలు బిన్నీ మిల్లుకు పోయే కాలంలో టీవీ అంటే పెద్ద గాజు బుర్ర. నలుపు తెలుపు పిక్చర్ ట్యూబులు మన బెంగళూరు బి.ఇ.ఎల్.లో కూడా చేసేవాళ్ళు. ఆ ట్యూబులో గాజుకు పూసిన పూతే వెలిగేది. ఇప్పటి ఎల్.సి.డి. తెర తనంతట తాను వెలగదు. వెనక దీపం ఉంటుంది, ముందర తెర కిటికీ పరదా మాదిరి వెలుగును వదలతా, ఆపతా బొమ్మ చేస్తుంది.

"ఎల్.ఇ.డి. టీవీ" అని అమ్మేది ఈ ఎల్.సి.డి.నే, వెనక దీపాలు ఎల్.ఇ.డి.లు, అంతే. క్యూ.ఎల్.ఇ.డి. అన్నా అదే జాతి, రంగులు బాగుండాలని ఇంకో పొర చేరుస్తారు. ఓ.ఎల్.ఇ.డి. ఒక్కటే వేరు. అందులో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నలుపు నిజమైన నలుపుగా ఉంటుంది. ధర ఎక్కువ. పైగా రోజంతా ఒకే వార్తా చానెల్ పెట్టే ఇంట్లో ఆ చానెల్ గుర్తు తెర మీద మచ్చగా నిలిచిపోయే భయముంది.

ఇక 4కె మాట. మిల్లులో పని చేసినవాళ్ళకు పోగుల లెక్క చెప్పనక్కర లేదు. పోగులు ఎక్కువైతే గుడ్డ సన్నం, చుక్కలు ఎక్కువైతే బొమ్మ సన్నం. హెచ్.డి. రెడీలో సుమారు 10 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్.డి.లో 20 లక్షలు, 4కెలో 83 లక్షలు. కానీ మన గదిలో గోడకు ఆనుకుని ఆరడుగుల దూరం నుంచి చూస్తాం. అంత దూరానికి 32 అంగుళాలకు హెచ్.డి. రెడీ, 43కు ఫుల్ హెచ్.డి. చాలు. కేబులులో మామూలు చానెల్ వస్తా ఉంటే, 4కె సెట్టు కొన్నా ఆ బొమ్మ 4కె కాదు.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి. పదిమందీ కింద కూర్చుని పక్కల నుంచి చూసే ఇల్లు మనది. ఐ.పి.ఎస్. ప్యానెల్ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా తగ్గదు. వి.ఎ. ప్యానెల్‌లో ఎదురుగా నలుపు బాగుంటుంది, పక్కకు పోతే బొమ్మ తెల్లబోతుంది. అడిగితే చెప్పకపోవచ్చు. మీరే పక్కకు జరిగి, కిందికి వంగి చూడండి. సిగ్గుపడొద్దు.

అంగట్లో కంపెనీ వీడియో చూసి మురిసిపోవద్దు, దానికి రంగులు ఎక్కువ పెట్టి ఉంటారు. చీకటి సీను ఉన్న సినిమా ముక్కను పెన్‌డ్రైవులో పెట్టుకుని పోయి వేయించుకోండి. సెట్టు వెనక ఐ.ఎస్. గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడండి. విద్యుత్తు నక్షత్రాలు లెక్కపెట్టండి. ప్యానెల్‌కు గ్యారంటీ ఎన్నేళ్ళో రాతలో తీసుకోండి. దెబ్బ తగిలి పగిలితే మామూలుగా గ్యారంటీ రాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది. "బిల్లు లేకుండా తగ్గిస్తా" అనేవాళ్ళ దగ్గర కొనొద్దు. బిల్లు లేకపోతే గ్యారంటీ అడిగేటప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. అన్యాయం జరిగితే 1915కు ఫోను చేయండి, అది వినియోగదారుల సహాయ నంబరు.

కంతుల్లో కొంటే అన్ని కంతులూ కూడి, నగదు ధర పక్కన పెట్టి చూడండి. పాత టీవీ ఆరిపోయిందంటే మాత్రం ముందు టార్చి వేయండి, తర్వాతే అంగడికి పొండి.