చిమ్మిలి పెట్టాల్సిన వేళ ఫ్లెక్సీ

రాజోలు వెళ్లే దారిలో ఓ సెంటర్. రెండు కరెంటు స్తంభాల మధ్య ఇరవై అడుగుల ఫ్లెక్సీ. అందులో పన్నెండేళ్లు నిండాయో లేదో అన్నట్టున్న పిల్ల. నడుం ఒక పక్కకు వంచి, తల వెనక్కి వాల్చి, కళ్లు సగం మూసి నిలబడింది. పెదాలకు ముదురెరుపు. ఓణీ గాలికి ఎగురుతున్నట్టు కనిపించడానికి పక్కనుంచి ఎవరో పట్టుకుని వదిలారని తెలిసిపోతోంది. ఆ భంగిమ ఆ వయసు పిల్లకు దానంతటది రాదు. ఎవరో చెప్పి, మూడు నాలుగుసార్లు సరిదిద్దితే వచ్చింది. పైన ఊరి పెద్దల ఫొటోలు, కింద శుభాకాంక్షలు చెప్పే కుర్రాళ్ల తలకాయలు వరసగా పాతిక. పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ అన్నీ ఉన్నాయి. కుడివైపు మూలన ఫొటో స్టూడియో పేరు, ఫోన్ నంబరు.

ఆ మూలనున్న నంబరు గురించే ఈ సంపాదకీయం. అది లేనంతవరకు ఆ ఫ్లెక్సీ ఓ ఇంటి ఓణీల ఫంక్షన్ కబురు. నంబరు పడ్డాక అది వ్యాపార ప్రకటన. ఆ ప్రకటనలో చూపించి బేరం పెంచుకుంటున్నది ఏమిటో ఇకనైనా మనం పైకి చెప్పుకోవాలి. పసిపిల్లకు పడుచు వేషం వేసి, ఆ వేషంలో ఉన్న ఆకర్షణను బేరానికి వాడుకుంటున్నారు. అమలాపురంలోనూ కొత్తపేటలోనూ రాజోలులోనూ ఇది ఇవాళ మామూలు సంగతైపోయింది. అది మామూలు కాదని, ఆగి తీరాలని ఈ పత్రిక చెబుతోంది.

ముందుగా ఒక మాట. ఆ పిల్ల తల్లిని వేలెత్తి చూపడానికి మేం రాయడం లేదు. కోనసీమ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయలేరు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్లలో తల్లి కువైట్‌లోనో దుబాయ్‌లోనో పరాయి ఇంట్లో వంట చేస్తుంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటుంది. కూతురు పెద్దమనిషి అయిన కబురు ఆ తల్లి ఫోన్లో విన్నది. రెండు నెలల సెలవు దొరికేదాకా ఓణీల ఫంక్షన్ ఆపించింది. నలుగురిలో తన పిల్ల తక్కువ కాకూడదని దినార్ దినార్ కూడబెట్టి స్టూడియోవాళ్లు అడిగినంత ఇచ్చింది. ఆ ఆరాటంలో తప్పేమీ లేదు. దాన్ని కనిపెట్టి సొమ్ము చేసుకునేవాళ్లతోనే మా తగువు.

ఒకప్పుడు ఈ వేడుక ఎలా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తే. పచ్చి తాటాకుల మీద పిల్లను కూర్చోబెట్టేవారు. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి పెట్టేవారు. పిల్లకు బలం రావాలని మేనమామ ఇంటినుంచి, పిన్నమ్మల ఇళ్లనుంచి రోజుకొకరు తెచ్చేవారు. పేరంటానికి ఆడవాళ్లే వచ్చి పాటలు పాడేవారు. అదంతా బంగారు కాలమని మేం అనడం లేదు. ఆ పిల్లను అంటరాని దానిలా మూలన కూర్చోబెట్టడం ఉంది, బడి మాన్పించడం ఉంది, మర్నాటినుంచే సంబంధాలు వెతకడం ఉంది. అవి పోవాల్సినవే, చాలావరకు పోయాయి కూడా. కానీ ఆ వేడుకకు ఒక గడప ఉండేది. పిల్ల ఒంట్లో వచ్చిన మార్పు ఇంటి ఆడవాళ్ల మధ్య మాటగానే ఉండేది. ఇప్పుడు ఆ గడప ఎంత దూరం జరిగిందంటే, బస్సు దిగిన ప్రతి మగవాడూ తలెత్తి చదువుకునేంత పెద్ద అక్షరాల్లో ఆ కబురు సెంటర్లో వేలాడుతోంది.

ఫ్లెక్సీ నయం. నాలుగు రోజులు ఎండకు మాసి, ఎవరి పశువుల కొట్టం మీదో కప్పుగా మారుతుంది. ఫోన్లోకి ఎక్కింది ఎక్కడికీ పోదు.

ఈ వ్యాపారం నడిచే తీరు దగ్గరగా చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఫంక్షన్‌కు వారం ముందు ప్రీ-షూట్. దిండి వైపు గోదారి గట్టునో, అంతర్వేది ఇసుకలోనో, ఏ కొబ్బరితోటలోనో తెల్లారేసరికి మొదలవుతుంది. డ్రోన్, రెండు కెమెరాలు, మేకప్ చేసే అమ్మాయి, అద్దె నగలు. పాట స్టూడియోవాళ్లే ఎంచుతారు, ఆ వారం జనం నోళ్లలో ఏది నానుతుంటే అది. సినిమాలో ఆ పాటకు పాతికేళ్ల కథానాయిక వేసిన అడుగులనే ఏడో తరగతి పిల్లతో వేయిస్తారు. అందులోంచి ముప్ఫై సెకన్లు కత్తిరించి రీల్ చేస్తారు. ఆ రీల్ పడేది ఇంట్లోవాళ్ల పేజీలో కాదు, స్టూడియో పేజీలో. నగల కొట్టు, బట్టల కొట్టు, మేకప్ చేసినావిడ పేర్లు కింద తగిలిస్తారు. ఎంతమంది చూస్తే తర్వాతి ముహూర్తానికి అన్ని బుకింగులు. ఇంటివాళ్లు డబ్బిచ్చి తీయించుకున్న పిల్ల బొమ్మ, రాత్రికి రాత్రి నలుగురు వ్యాపారుల ప్రచార బొమ్మ అవుతుంది. వాడుకుంటామని అడిగినవాళ్లు లేరు. అడిగినా అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరు.

ఆ రీల్ కింద కామెంట్లు చదివారా? ఊరూ పేరూ లేని ఖాతాల నుంచి మగవాళ్లు రాసే రాతలు ఇక్కడ అచ్చువేయదగ్గవి కావు. పిల్ల వయసెంతో తెలిసే రాస్తారు. కొందరికి ఆ వయసే రాయడానికి కారణం. స్టూడియో వాటిని తీసేయదు, కామెంటు పెరిగితే రీల్ ఇంకా పైకి వెళుతుంది కాబట్టి. కువైట్‌లో పని ముగించుకుని అర్ధరాత్రి ఫోన్ తెరిచిన తల్లి మాత్రం అవన్నీ చదువుతుంది.

అటువైపు చూసే కళ్లు ఎలాంటివో 2024 జులైలో తెలుగువాళ్లందరికీ తెలిసొచ్చింది. ఓ తండ్రి, అతని చిన్నారి కూతురు ముద్దుగా ఆడుకుంటున్న వీడియో మీద ఒక యూట్యూబర్, అతని స్నేహితులు ప్రత్యక్ష ప్రసారంలో కూర్చుని నీచమైన మాటలు మాట్లాడి నవ్వుకున్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు విజ్ఞప్తి చేశాకే అధికారులు కదిలారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం సెక్షన్లు పడ్డాయి. ఆ వీడియోలో తండ్రీకూతుళ్ల ప్రేమ తప్ప ఏమీ లేదు. ఏమీ లేనిచోటే అంత రోత వెతికినవాళ్లు, పసిపిల్లకు పడుచు వేషం వేసి మనమే చేతికందిస్తే ఏం చేస్తారు?

ఇది కోనసీమలోనే పుట్టిన రోగం కాదు. 1980లో అమెరికాలో కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రకటనల్లో బ్రూక్ షీల్డ్స్‌తో ద్వంద్వార్థపు మాట పలికించారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. తాను పలికిన మాటకు ఇంకో అర్థం ఉందని అప్పట్లో తనకు తోచలేదని పెద్దయ్యాక ఆమె చెప్పింది. సెంటర్లో ఫ్లెక్సీ మీద నడుం వంచి నిలబడ్డ పిల్లకు కూడా ఆ భంగిమకున్న అర్థం తెలియదు. తీసినవాడికి తెలుసు. అదే కాల్విన్ క్లైన్ 1995లో లేతవయసు మోడళ్లతో తీసిన ప్రకటనల మీద గొడవ అమెరికా న్యాయశాఖ విచారణ దాకా వెళ్లింది, ప్రకటనలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2022 నవంబరులో బాలెన్సియాగా అనే ఫ్యాషన్ సంస్థ అశ్లీలమైన కట్లు తొడిగిన బొమ్మలను చిన్నపిల్లల చేతికిచ్చి తీసిన ఫొటోలు విడుదల చేసి, జనం తిరగబడ్డాక క్షమాపణ చెప్పింది. జనం ఊరుకోలేదు కాబట్టే వాళ్లు వెనక్కి తగ్గారు. మనం ఊరుకుంటున్నాం. ఊరుకోవడమే కాదు, లైకు కొడుతున్నాం.

మన గడ్డకు ఇందులో పాత లెక్క కూడా ఒకటుంది. 1897లో కన్యాశుల్కం నాటకం అచ్చువేస్తూ ముందుమాటలో గురజాడ విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా ప్రస్తావించారు. మొత్తం 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. ఆ కాలంలోనూ మా పిల్ల మా ఇష్టం అన్నవాళ్లున్నారు. శాస్త్రం ఒప్పుతుంది అన్నవాళ్లున్నారు, ఊరంతా చేస్తున్నదేగా అన్నవాళ్లున్నారు. సరిగ్గా ఆ మూడు మాటలే ఈ ఫ్లెక్సీల గురించి కదిపితే మాకు వినిపించాయి, శాస్త్రం బదులు ట్రెండ్ అన్నారంతే.

టీవీవాళ్ల వంతు తక్కువేం కాదు. చిన్నపిల్లల డ్యాన్స్ పోటీల్లో సినిమాల్లో పెద్దవాళ్లు వేసే అడుగులు వేయిస్తున్నారని, అవి ఆ వయసుకు తగవని 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు చానళ్లన్నిటికీ సూచన పంపింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ తెలుగు సినిమాల్లో అసభ్యమైన డ్యాన్స్ అడుగుల మీద హెచ్చరిక చేసింది. హెచ్చరిక వచ్చిన తర్వాత కూడా అవే పాటలు బడి వార్షికోత్సవాల్లో మూడో తరగతి పిల్లలతో ఆడిస్తూనే ఉన్నారు. ఆ ఫొటోలతోనే వేసవిలో అడ్మిషన్ల కరపత్రాలు వేసే బడులున్నాయి. పిల్ల చదువు చూపించి పిలవాల్సిన చోట పిల్ల నడుము చూపించి పిలుస్తున్నారంటే ఆ బడిలో చదువు మీద వాళ్లకే నమ్మకం లేదనుకోవాలి.

చట్టం లేదా అంటే, ఉంది. 2012 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 13వ సెక్షన్‌లో ప్రకటన అన్న మాట స్పష్టంగా ఉంది. టీవీ, ఇంటర్నెట్, అచ్చు, ఏ రూపంలోనైనా లైంగిక తృప్తి కోసం పిల్లల్ని వాడుకోవడం, అందులో భాగంగా వారిని అసభ్యంగా చూపడం నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఐదేళ్లు. అదే చట్టం 20వ సెక్షన్ మన ఫొటో స్టూడియోలవాళ్లు ఒక్కసారైనా చదవాలి. మీడియా, లాడ్జీ, ఆసుపత్రితో పాటు స్టూడియోలను, ఫొటోలు తీసే చోట్లను పేరుపెట్టి చెప్పింది. పిల్లల్ని లైంగికంగా వాడుకునే బొమ్మ కంటబడితే వాళ్లే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే అదీ నేరమే. ఇంటర్నెట్‌లో పిల్లల్ని అశ్లీలంగా చూపితే ఐటీ చట్టం 67బి వర్తిస్తుంది. కేబుల్ టీవీ నియమాలు పిల్లల్ని గౌరవం లేకుండా, అసభ్యంగా చూపే ప్రకటన వేయొద్దని 1994 నుంచీ చెబుతున్నాయి.

ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ప్రతిదీ పోక్సో నేరమని మేం అనడం లేదు. అలా అంటే అమ్మమ్మలనూ మేనమామలనూ స్టేషన్‌కు ఈడ్చినట్టవుతుంది, అసలు వ్యాపారం పక్కకు తప్పుకుంటుంది. కేసు దాకా పోకుండానే ఆపగలిగే చోటు ఒకటుంది. బాలకార్మిక చట్టానికి 2017లో వచ్చిన సవరణ నియమాల ప్రకారం పిల్లలతో చిత్రీకరణ చేసే నిర్మాత, పిల్లలతో వాణిజ్య కార్యక్రమం పెట్టే వ్యక్తి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం పిల్ల పేర బ్యాంకులో వేయాలి. అంటే కోనసీమలో ఆ అనుమతి అమలాపురం కలెక్టరేట్ నుంచి రావాలి. సినిమా షూటింగులకు పేరుపడ్డ జిల్లాకు ఈ నియమం కొత్తేమీ కాకూడదు. ఓ స్టూడియో తన ప్రచారం కోసం పిల్లతో రీల్ తీస్తే అది వాణిజ్యం కాదని ఎవరనగలరు? ఆ రీల్ మీద వచ్చిన బుకింగుల్లో ఆ పిల్ల బ్యాంకు ఖాతాకు పైసా అయినా చేరిందా?

చూసే కళ్లలో ఉంది దోషం, పిల్లల్లో ఏముంది అంటారు కొందరు. నిజమే, పిల్లలో ఏ దోషమూ లేదు. తన ఇంట్లో, తన స్నేహితురాళ్ల మధ్య ఏ పాటకైనా గంతులేయొచ్చు, ఏ గౌనైనా వేసుకోవచ్చు. ఈ సంపాదకీయం చదివి ఎవరైనా పిల్ల బట్టల కొలతలు తీయడం మొదలుపెడితే, ఆడపిల్లను ఇంట్లో కూర్చోమంటే, వాళ్లు మా మాట తలకిందులుగా పట్టుకున్నట్టే. మేం కట్టడి చేయమంటున్నది కెమెరా వెనకున్నవాణ్ని, ఆ ఫొటో కింద తన కొట్టు పేరు రాయించుకున్నవాణ్ని, దాన్ని అచ్చు కొట్టిన ప్రింటింగ్ ప్రెస్‌నూ. ముగ్గురూ పెద్దవాళ్లే. ముగ్గురికీ తెలుసు.

మాఘమాసం ముహూర్తాలకు ముందే జిల్లా కలెక్టరు ఫొటో స్టూడియోల సంఘాలను, ఫ్లెక్సీ ముద్రించేవాళ్లను, బడుల యాజమాన్యాలను పిలిచి కూర్చోబెట్టాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల ఫొటో మీద వ్యాపార సంస్థ పేరు, నంబరు వేయకూడదు. స్టూడియో పేజీలో పిల్లల రీల్ పెట్టాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలి. అడిగిన వెంటనే తీసేయాలి. పిల్ల రజస్వల అయిన కబురు రోడ్డు మీద ఫ్లెక్సీగా కట్టడానికి పంచాయతీలు, మునిసిపాలిటీ అనుమతి ఇవ్వకూడదు. గ్రామ, వార్డు స్థాయిలో ఉన్న మహిళా సంరక్షణ కార్యదర్శులకు ఇది చూసే బాధ్యత అప్పగించాలి. వినకపోతే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమని అదే సెంటర్లో బోర్డు పెట్టాలి.

పత్రికలు కూడా మీడియాలో భాగమే, 20వ సెక్షన్ మాకూ వర్తిస్తుంది. పిల్లల్ని పడుచు వేషంలో చూపే ప్రకటన ఎంత పెద్ద సంస్థ పంపినా, ఎంత డబ్బిచ్చినా మా పేజీల్లో ఇకమీద రాదు. ఓణీల ఫంక్షన్ శుభాకాంక్షలు వేయమని వచ్చే ఇళ్లవాళ్లకు మా ఏజెంట్లు ఒకటే చెబుతారు: పిల్ల ఫొటో పెట్టండి, బడికి వెళ్లేటప్పుడు తీసిందైతే మేలు. దాని కింద ఏ కొట్టు పేరూ ఉండదు.